ఇంటిలో కొంత భాగము యాత్రికుల బసకు – గోడ తీయుటకు ముందు అడుగవలసినవి

అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగూడ మండలములలోను, చింతపల్లి మండలములోని లంబసింగి పరిసరములలోను వలిసె చేలు పూతకు వచ్చినది మొదలు జనవరి నెలాఖరు వరకు యాత్రికుల రాకపోకలు హెచ్చుగా ఉండును. శని, ఆదివారములలో వసతిగృహములు నిండిపోయి, ఊళ్ళలోనికి వచ్చి “ఈ రాత్రికి ఒక గది దొరకునా?” అని అడుగువారు కనబడుచున్నారు. ఇంటిలో రెండు గదులు ఖాళీగా ఉన్న రైతుకు ఆ గదులను బసకిచ్చి నాలుగు రూపాయలు సంపాదింతమను ఆలోచన కలుగుట సహజము. ఆలోచన మంచిదే. కాని ముందు మేస్త్రీని పిలుచుట, తరువాత అప్పు తెచ్చుట, అన్నియు అయిన పిదప కాగితముల సంగతి తలచుట మనలో వాడుకైన వరుస. ఈ పనిలో ఆ వరుసను తలక్రిందులు చేసికొనవలెను.

ఇంటిని బసగా మార్చు రైతును మూడు కార్యాలయములు మూడు వేర్వేరు ప్రశ్నలు అడుగును. పంచాయతీ అడుగునది కట్టడమును గూర్చి. రెవెన్యూ శాఖ అడుగునది ఆ కట్టడము క్రింద నున్న భూమిని గూర్చి. పర్యాటక శాఖ అడుగునది వచ్చిపోవు అతిథిని గూర్చి. ఒకరిచ్చిన కాగితము మరియొకరి కాగితమునకు బదులుగా చెల్లదు. పంచాయతీ అనుమతి పత్రము చేతిలో నున్నంత మాత్రమున భూమిపై లేని హక్కు రాదు. పట్టా ఉన్నది గదా యని అనుమతి లేకుండ మీద అంతస్తు వేయుటకు వీలులేదు.

ఈ మూడు ప్రశ్నల వెనుక నాలుగవ ప్రశ్న ఒకటున్నది. అది అసలు ప్రశ్న. “ఈ ఇంటిలో మీరు కాపురమున్నారా? బసను మీరే నడుపుచున్నారా?” దీనికి “ఔను” అని చెప్పగలిగినంత కాలము ఆ ఇల్లు ఇల్లుగానే లెక్కకు వచ్చును, దారి సులభముగా ఉండును. “లేదు” అన్ననాడు అది లాడ్జిగానో, కౌలుకిచ్చిన ఆస్తిగానో మారి, వేరే నిబంధనల క్రిందికి పోవును. కేంద్ర పర్యాటక మంత్రిత్వశాఖ వారు గృహబసలకు ఏర్పరచిన పథకము ఇందుకు మంచి ఉదాహరణము. ఆ పథకములో బసకిచ్చు గదులు ఒకటికి తక్కువ కాకూడదు, ఆరుకు మించకూడదు. మంచములు పండ్రెండుకు మించరాదు. అన్నిటికంటె ముఖ్యమైన నియమము, యజమాని తన కుటుంబముతో ఆ ఇంటిలోనే నివసించుచుండవలెను. సౌకర్యములను బట్టి ఇండ్లను బంగారు, వెండి తరగతులుగా విభజింతురు. తరగతి సంగతి తరువాత చూచుకొనవచ్చును, కాపురము సంగతి మొదట చూడవలెను.

మన్యపు రైతులకు ఈ విషయము మరింత ముఖ్యము. కారణము వివరముగా చెప్పవలసియున్నది.

లోయలో యాత్రికులు పెరిగిన కొలది బయటినుండి మరియొక తరగతి మనుష్యులు కూడ వచ్చుచున్నారు. వీరు గదిని అడుగరు, ఇంటిని అడుగుదురు. “మీకెందుకు శ్రమ? ఏడాదికింత చొప్పున ముందుగానే ఇచ్చెదము. ఐదేండ్లకు కాగితము వ్రాయుడు. మరమ్మతులు మేమే చేయించి, గదులు మేమే నడుపుకొందుము. మీరు వెనుక పాకలో ఉండవచ్చును” అందురు. చేతికి ఒక్కసారిగా డబ్బు వచ్చును గనుక ఈ మాట తీయగానే ఉండును. ఇది చట్టము ముందు నిలువదు.

షెడ్యూల్డు ప్రాంతములలో భూమి బదలాయింపును గూర్చి 1959 నాటి ఒకటవ రెగ్యులేషను అమలులో నున్నది. దానిని 1970లో సవరించిరి. దాని ప్రకారము ఏజెన్సీలోని స్థిరాస్తిని షెడ్యూల్డు తెగలవారికి గాని, కేవలము వారితోనే ఏర్పడిన సహకార సంఘమునకు గాని తప్ప ఇతరులకు బదలాయించుట చెల్లదు. బదలాయింపు అనగా అమ్మకము మాత్రమే అని చాలమంది అనుకొందురు. అది పొరపాటు. తనఖా, కౌలు, దానము, మార్పిడి మొదలగునవన్నియు ఆ మాటలోనికి వచ్చును. “నిర్వహణ ఒప్పందము” అని పేరు మార్చి వ్రాసినను, స్వాధీనము చేతులు మారినచో ఆ వ్రాతను అధికారులు పేరును బట్టి గాక పనిని బట్టి చూచెదరు. స్టాంపు కాగితముపై వ్రాసినందున గాని, పెద్దమనుష్యులు సాక్షి సంతకములు చేసినందున గాని చెల్లని వ్రాత చెల్లుబాటు కాదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, ఈ కట్టుబాటు ప్రభుత్వమునకు కూడ వర్తించుననియు, గిరిజనేతరులకు గనుల కౌలులు ఇచ్చుట చెల్లదనియు తీర్పు చెప్పినది. ప్రభుత్వమునకే లేని వెసులుబాటు ఒక ఇంటి యజమానికి ఎట్లు కలుగును?

ఇందులో నష్టము ఎవరికో కూడ ఆలోచింపవలెను. బయటి వ్యక్తి ఇంటిపై పెట్టిన ఖర్చును రాబట్టుకొనుటకు తొందరపడును. తగవు వచ్చినపుడు కాగితము చెల్లదు గనుక రైతు తన కౌలు డబ్బు రాబట్టుకొనుటకు కూడ ఆ కాగితమును చూపలేడు. ఆ లోపల గోడలు మారిపోయి, వంటయిల్లు స్నానపుగదిగా మారి, కుటుంబము నిజముగానే పాకలో ఉండును.

అయితే యాత్రికుని ఒక రాత్రి ఉండనిచ్చుట కూడ కౌలేనా యని సందేహము రావచ్చును. కాదు. అతిథికి దొరకునది గదిలో ఉండుటకు అనుమతి మాత్రమే. ఇల్లు రైతు స్వాధీనములోనే ఉండును. తేడా తెలిసికొనుటకు న్యాయశాస్త్రము చదువనక్కరలేదు. తాళపుచెవులు ఎవరి మొలను ఉన్నవి? రిజిస్టరులో పేర్లు వ్రాయునది ఎవరు? డబ్బు ముందుగా ఎవరి చేతికి వచ్చును? ఈ మూడింటికి సమాధానము ఆ ఇంటివారే అయినచో భయము లేదు. గదుల వివరములను ఫోనులోని బుకింగు సంస్థలో ఉంచి, వారికి కమీషను ఇచ్చుట ఇంటిని అప్పగించుట కాదు. అది బేరగాని కూలి వంటిది.

ఇక భూమి సంగతి. ఇల్లు గ్రామకంఠములో ఉన్నదా, సాగుభూమిలో ఉన్నదా, అటవీ హక్కుల పత్రము గల భూమిలో ఉన్నదా అని మొట్టమొదట తేల్చుకొనవలెను. గ్రామకంఠములో పూర్వమునుండి ఉన్న ఇల్లు అయినచో చిక్కులు తక్కువ. సాగుభూమిలో కట్టడము విషయమున రుసుములు, పద్ధతులు ఇటీవల మార్పులు చెందినవి గనుక, పొరుగువాని పాత రసీదును చూచి లెక్క వేసికొనక తహసీల్దారు కార్యాలయములో నేటి నిబంధనను అడిగి తెలిసికొనవలెను. డి-ఫారము పట్టా భూమి అయినచో ఆ పట్టాలోని షరతులు చదివించుకొనవలెను. 2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింద వచ్చిన భూమి వంశపారంపర్యముగా అనుభవించుటకు వచ్చినదే గాని అమ్ముటకు, బదలాయించుటకు వచ్చినది కాదు. అది నివాసమునకును, జీవనాధారమైన స్వయంసాగుకును ఇచ్చిన హక్కు. ఆ భూమిలో బసకొరకు కొత్త గదులు లేపవలదని మా సలహా. ఉన్న ఇంటిలో అతిథిని ఉంచుకొనుటకు సహితము ముందుగా పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలో వ్రాతపూర్వకముగా అడుగుట మంచిది.

పంచాయతీకి ఇయ్యవలసిన అర్జీలో ఇంటి కొలతలతో చేతిగీత పటము ఒకటి జతపరుపవలెను. ఇప్పుడున్న గోడలు నల్ల సిరాతోను, మార్చదలచిన గోడలు ఎర్ర సిరాతోను గీసినచో అధికారికి ఒక్క చూపులో బోధపడును. ఉన్న గోడల లోపల సున్నము వేయుట, తలుపు మార్చుట ఒక ఎత్తు. పునాది విస్తరించుట, మీద అంతస్తు వేయుట, పెంకు తీసి శ్లాబు పోయుట మరియొక ఎత్తు. రెండవ రకపు పనులకు ముందుగా అనుమతి తప్పనిసరి. మొదటి రకపు పనులే అయినను, నివాసముగా ఉన్న ఇంటిలో కొంత భాగమును బసకు వాడబోవుచున్నామని ఒక జాబు వ్రాసి, దానికి రసీదు తీసికొనవలెను. ఇంటి పన్ను మారునా మారదా అను ప్రశ్నకు కూడ అప్పుడే సమాధానము దొరకును. గ్రామము పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉన్నచో అక్కడి అనుమతి కూడ కావలసివచ్చును. అర్జీతోపాటు ఇంటిపన్ను రసీదు, భూమి పత్రము, ఆధారు, కులధ్రువపత్రము, కరెంటు బిల్లు నకళ్ళు ఉంచుకొనిన తిరుగుడు తప్పును.

గ్రామాధికారులకు ఒక మనవి. “చూతములే” అని అర్జీని బల్లపై ఉంచుకొనుటకంటె, ఇయ్యలేనిదైనచో కారణము వ్రాసి తిరిగి ఇచ్చుట రైతుకు మేలు. నోటిమాటగా “కట్టుకో, తరువాత చూచుకొందము” అనుట అన్నిటికంటె కీడు. రైతు ఆ మాటపై అప్పు తెచ్చును.

షెడ్యూల్డు ప్రాంతములో 1996 నాటి పెసా చట్టము గ్రామసభకు ప్రత్యేక స్థానమిచ్చినది. భూమి అన్యాక్రాంతము కాకుండ చూచు అధికారము కూడ అందులో ఉన్నది. ఒక ఇంటి బస విషయము గ్రామసభలో చెప్పవలెనా యని చిన్నచూపు చూడరాదు. నలుగురు అతిథులు వచ్చినచో రెండు కార్లు వచ్చును, అవి ఊరి బాటలో నిలుచును, అందరి ఊటనీరు వాడుదురు. ముందుగా చెప్పిన ఇంటికి ఊరు అండగా ఉండును.

నీరు, మరుగు విషయమున కొంచెము లెక్క వేసి చూపెదము. ఐదుగురు మనుష్యులున్న ఇంటిలో రెండు గదులు నలుగురు అతిథులకు ఇచ్చిరనుకొందము. జలజీవన్ పథకము పల్లెలలో తలకు రోజుకు 55 లీటర్ల నీరు లక్ష్యముగా పెట్టుకొన్నది. ఆ లెక్కన ఇంటివారికి 275 లీటర్లు. పట్టణమునుండి వచ్చిన అతిథికి 135 లీటర్లు పట్టుననుకొనిన నలుగురికి 540 లీటర్లు. మొత్తము 815 లీటర్లు. అనగా 1,000 లీటర్ల తొట్టి కావలెను. ఫిబ్రవరి దాటిన తరువాత కొండ ఊటలు సన్నగిల్లు చోట ఈ నీరు ఎక్కడినుండి వచ్చునో ముందే చూచుకొనవలెను.

తొమ్మిదిమంది వాడు ఇంటికి పదిమందికి సరిపడు సెప్టిక్ ట్యాంకు తగును. రెండేండ్లకొకసారి శుభ్రపరచు పద్ధతిలో దాని లోపలి కొలత 2 మీటర్ల పొడవు, 0.9 మీటరు వెడల్పు, నీటి లోతు 1.4 మీటర్లు, పైన మరి 30 సెంటీమీటర్లు ఖాళీ విడువవలెను. దానినుండి వచ్చు నీటిని ఇంకుడు గుంతలోనికి విడిచిన, ఆ గుంత త్రాగునీటి బావికి గాని ఊటకు గాని 18 మీటర్లకు, అనగా సుమారు 60 అడుగులకు తక్కువ దూరములో ఉండరాదు. కొండవాలులో దూరమొక్కటే చాలదు. ఊటకు ఎగువన గుంత త్రవ్వుట ఎంత దూరములోనైనను మంచిది కాదు. అడుగు క్రిందనే రాయి తగులు చోట ఇంకుడు గుంత పనిచేయదు గనుక, గదుల సంఖ్యను తగ్గించుకొనుటయే ఉపాయము. ఇంజనీరు పటము గీయక ముందే గడ్డపారతో ఒకచోట త్రవ్వి చూచుట చౌక.

కరెంటు విషయములో ఒక హెచ్చరిక. పొలము మోటారుకిచ్చిన వ్యవసాయ కనెక్షనునుండి గదులకు తీగ లాగరాదు. 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద, ఒక పనికిచ్చిన కరెంటును మరియొక పనికి వాడినచో ఆ వాడకమునకు తగిన రేటుకు రెండింతలు కట్టించుదురు. ఇంటి కనెక్షనుపై బస నడుపవచ్చునా, కేటగిరీ మార్చుకొనవలెనా అని విద్యుత్ శాఖవారిని అర్జీ ద్వారా అడుగవలెను. అతిథులకు భోజనము వండి డబ్బు తీసికొనినచో ఆహార భద్రత చట్టము క్రింద నమోదు చేసికొనవలెను. ప్రతి అతిథి పేరు, చిరునామా, గుర్తింపు కార్డు వివరములు రిజిస్టరులో వ్రాయవలెను. విదేశీయుడు దిగినచో 24 గంటలలోగా ఆ సమాచారము ఆన్‌లైనులో అధికారులకు పంపవలెను.

పన్నులను గూర్చి రెండు మాటలు చాలును. వ్యవసాయాదాయమునకు ఆదాయపు పన్ను లేదు గనుక పొలముగట్టున గల ఇంటి అద్దెకు కూడ ఉండదని కొందరు తలంచుచున్నారు. పొలములోని ఇంటిని బసకిచ్చిన ఆదాయము వ్యవసాయాదాయము క్రిందికి రాదు. జి.ఎస్.టి. నమోదు మాత్రము ఏడాది రాబడి 20 లక్షలు దాటువరకు చిన్న గృహబసలకు మామూలుగా అక్కరలేదు.

ఇంతకు ఈ పని గిట్టునా? గది అద్దె రాత్రికి 1,200 రూపాయలనుకొందము. నవంబరు నుండి జనవరి వరకు 13 వారములలో శని, ఆదివారములు రెండు రాత్రులు చొప్పున రెండు గదులు నిండినచో 52 గది-రాత్రులు, 62,400 రూపాయలు. దుప్పట్ల ఉతుకు, సబ్బులు, కరెంటు, మరమ్మతులు, కమీషను మూడవ వంతనుకొనిన మిగులు 41,600. ఇప్పుడు అదే రైతు 3 లక్షల అప్పు 12 శాతము వడ్డీకి తెచ్చి గదులు బాగుచేయించెననుకొందము. మొదటి ఏడు వడ్డీయే 36,000. మిగిలినది 5,600. అందులో ఒక నెల వానలకో, దారి మూతబడినందుకో అతిథులు రాకపోయిన వడ్డీకి కాఫీ డబ్బు పోయవలసివచ్చును. అందుచేత ఉన్న గదులను కొద్ది ఖర్చుతో శుభ్రపరచి మొదలుపెట్టవలెనని మా అభిప్రాయము. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గది, గాలి వెలుతురు, తలుపు దగ్గరగా శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్నచో చాలును. ఏ.సి. లేదని అరకులో అలుగువారు అరుదు.

అప్పుకు ముందు సహాయము దొరకు మార్గములు విచారింపవలెను. 2024 అక్టోబరు 2న ప్రారంభమైన ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ ఉత్కర్ష అభియాన్‌లో గిరిజన గృహబసలకు ఏర్పాటున్నది. ఎంపికైన గ్రామములలో కుటుంబమునకు రెండు కొత్త గదుల నిర్మాణమునకు 5 లక్షల వరకు, ఉన్న గదులను బాగుచేయుటకు 3 లక్షల వరకు, గ్రామపు ఉమ్మడి అవసరములకు 5 లక్షల వరకు సహాయము చేయుట ఆ పథకము ఉద్దేశము. 2025-26 కేంద్ర బడ్జెటులో గృహబసలకు ముద్ర రుణములు కూడ ప్రకటించిరి. మీ గ్రామము ఎంపికలో ఉన్నదో లేదో పాడేరులో అడుగవచ్చును. ఉన్నదని ఎవరో చెప్పగా విని పునాది త్రవ్వరాదు.

వ్యవసాయ శాఖకు ఈ విషయములో జోక్యమేమని ఎవరైన అడుగవచ్చును. కాఫీ పండ్లు కోతకు వచ్చునది, యాత్రికులు వచ్చునది ఒకే కాలమున. నవంబరునుండి జనవరి వరకు పండిన పండ్లను విడతలు విడతలుగా ఏరవలెను. ఏరిన పండును ఆ రోజే పల్పింగు చేయవలెను. ఇంటి ఇల్లాలే కోతకు పోవలెను, ఆమెయే అతిథులకు వండవలెను. ఈ సంఘర్షణలో తరచుగా ఓడిపోవునది కాఫీ. పండ్లు రాత్రంతయు బస్తాలో ఉండి పులిసినచో ఆ సరుకుకు ధర పోవును. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీకి పేరు వచ్చినది రుచివలననే. కనుక కోత ముమ్మరముగా ఉన్న వారములో గదులు ఖాళీ లేవని చెప్పుట నష్టము కాదు. కాఫీ గింజ చుట్టునున్న వాసనలను పీల్చుకొనును. కాబట్టి ఆరబోయు కళ్ళము ప్రక్కన అతిథుల కార్లు నిలుపనీయరాదు, కాఫీ బస్తాలను సబ్బులు, పురుగుమందులు ఉన్న గదిలో వేయరాదు. పురుగుమందులు ఎటులైనను తాళములోనే ఉండవలెను. పట్టణపు పిల్లలకు సీసా ఏమిటో తెలియదు. వలిసె చేనిలో ఫోటోలు తీసికొనువారికి రెండడుగుల బాట ఒకటి ముందే విడిచినచో మిగిలిన పూత దక్కును.

సముద్రతీర గ్రామముల పాఠకులకు ఒక మాట. 2019 జనవరిలో వెలువడిన తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటన, మత్స్యకారులతో సహా స్థానికులు తమ ఇండ్లలో యాత్రికులకు బస ఇయ్యవచ్చునన్నది. కాని ఉన్న ఇంటి పునాది వైశాల్యమును, నమూనాను, ముఖభాగమును మార్చరాదని షరతు పెట్టినది. అక్కడ కూడ చట్టము చూచునది కాపురమున్న పాత ఇంటినే.

వచ్చు చలికాలమునకు గదులు సిద్ధము కావలెనన్నచో అర్జీలు జనవరి, ఫిబ్రవరి నెలలలోనే ఇచ్చుట మంచిది. సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత పనులు మే నెలాఖరులోగా ముగియవలెను. జూనులో వానలు పట్టిన పిదప ఎర్రమట్టి వాలులో త్రవ్విన గోయి నిలువదు. లోపలి పనులు, సున్నము వానకాలములో సాగించుకొనవచ్చును. ప్రతి అర్జీ రసీదును, ప్రతి అనుమతి పత్రమును రెండు నకళ్ళు తీసి, ఒకటి ఇంటిలోను, ఒకటి వేరే ఊరిలోని బంధువుల ఇంటిలోను ఉంచవలెను. పెంకుటింటి దూలముపై పెట్టిన కాగితము చెదకు దక్కును.